రెండు పడవల మీద కాలు

మా బరంపురంలో, కనీసం మా వీధిలో, ఎవరైనా ఓడెక్కి ద్వీపానికి షికారు వెళ్ళాలనుకుంటే ముందు నన్ను కలవడం మంచిది. నా అర్హతలు రెండు. కిందటేడాది ముంబై నుంచి లక్షద్వీప్ వైపు వెళ్ళే క్రూయిజ్ ఓడెక్కాను. మొన్న జనవరిలో కంపెనీ మార్చి, బాలుగావ్ నుంచి చిలికా సరస్సులోని కాళీజాయి ద్వీపానికి వెళ్ళే మరపడవ ఎక్కాను. ఒక్క ఓడే ఎక్కినవాడు "బాగుందండీ" అనడంతో సరిపెట్టుకోవాలి. రెండెక్కినవాడికి పోల్చే హక్కు వస్తుంది. హక్కు వచ్చాక నోరు మూసుకోవడం మా ఇంటావంటా లేదు.

అంతకుముందు నా సముద్రానుభవం ఎంతంటే, గోపాల్‌పూర్ ఒడ్డున ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి పరిగెత్తడం. అలాంటివాణ్ణి నడిసముద్రంలోకి పంపింది ఎదురింటివాళ్ళు. వాళ్ళు క్రూయిజ్‌కి వెళ్ళొచ్చి, మూడు నెలలపాటు ఏ మాట ఎత్తినా "ఓడలో అయితేనా..." అని మొదలుపెట్టేవారు. కరెంటు పోయినా అదే మాట. మా ఆవిడ ఎంతకాలం వింటుంది?

లక్షద్వీప్‌లో 36 దీవులున్నాయి. జనం ఉండేవి పదే. మొత్తం నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మాకు రైలెక్కితే గంట పైచిలుకు దూరంలో ఉన్న చిలికా సరస్సు వానాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఆ నేలంతా తెచ్చి ఇందులో ముంచినా చేపలకి తప్ప ఎవరికీ తెలియదు. అయినా పెరటి చెట్టు మందుకి పనికిరాదు కాబట్టి, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు కూర్చుని ముంబై వెళ్ళాం. లక్షద్వీప్‌లో కాలు పెట్టాలంటే మన దేశస్థులకీ అనుమతి పత్రం కావాలి. అదీ తీసుకున్నాం. బైకాల్ సరస్సు నుంచి, సైబీరియా నుంచి ఏటా చిలికాకి దిగే బాతులని ఇంతవరకు ఎవరూ ఆధార్ అడగలేదు.

ఇక పోలికలోకి వస్తాను. ముందు గది.

ఓడలో గది ధర సముద్రానికి మీరెంత దగ్గరగా పడుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. బాల్కనీ అంటే ఒక రేటు, కిటికీ అంటే ఇంకో రేటు. ఈ రెండూ లేనిదాన్ని ఇన్‌సైడ్ కేబిన్ అంటారు. మాది అదే. లైటు తీసేస్తే తెల్లారిందో, పొద్దుగూకిందో చెప్పడానికి కోడి కూడా లేదు. గదిలో టీవీ ఉంది. అందులో ఒక ఛానల్లో ఓడ ముందు భాగాన ఉన్న కెమెరా సముద్రాన్ని చూపిస్తూ ఉంటుంది. అరేబియా సముద్రం నట్టనడుమ మంచం మీద పడుకుని మేం అరేబియా సముద్రాన్ని టీవీలో చూశాం. ఇది మా దరిద్రం అనుకోకండి. విదేశాల్లో కొన్ని ఓడల్లో ఇలాంటి గదులకి గోడ పొడుగునా తెర బిగించి, దానికి వర్చువల్ బాల్కనీ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. గోడ కట్టడానికి ఒక ఖర్చు, ఆ గోడ అవతల ఏముందో చూపించడానికి ఇంకో ఖర్చు.

చిలికా పడవలో అన్నీ నీళ్ళు కనబడే సీట్లే. కనబడటంతో ఆగవు, గాలి తిరిగితే ఒళ్ళోకి వస్తాయి. ఈ అంశంలో పడవకే మార్కులు వేశాను, చొక్కా పిండుకున్న తర్వాత.

బిల్లు దగ్గర పోలిక మరీ లోతుగా చేయాల్సి వచ్చింది. ఓడలో డబ్బు కంటికి కనబడదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సూ అదే. తిండి టికెట్లోనే ఉంది కాబట్టి మొదటి రోజు మా ఆవిడ ఇడ్లీ, పాస్తా, జిలేబీ ఒకే ప్లేటులో పెట్టుకొచ్చింది. తినలేక కాదు, వదిలేస్తే నష్టం కదా అని. తర్వాత తెలిసిందేమిటంటే, ఆకలికి కావలసినవన్నీ టికెట్లో ఉన్నాయి, మనసుకి కావలసినవన్నీ కార్డులో ఉన్నాయి. వైఫైకి వేరు, కూల్‌డ్రింకుకి వేరు, కెప్టెన్ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోకి వేరు. చివరి రాత్రి తలుపు కింద నుంచి ఒక కాగితం సర్రున లోపలికి జారింది. వంగి తీసింది మా ఆవిడే. మా వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఆరు నెలలకి కూడా అంత పొడుగు ఉండదు.

అందులో టిప్పు కూడా ఉంది. మనిషికింత, రోజుకింత. ఆవిడ రిసెప్షన్‌కి వెళ్ళి, "టిప్పంటే మనం ఇష్టపడి ఇచ్చేది కదండీ?" అని అడిగింది. "అవును మేడమ్, అది ఆటోమేటిగ్గా పడిపోతుంది" అన్నాడు ఆ కుర్రాడు, చాలా మర్యాదగా. మా ఇష్టాన్ని కూడా ముందే కోసేసుకున్నారన్నమాట.

బాలుగావ్‌లో అలాంటి మాయ లేదు. పడవవాడు ఒక అంకె చెప్పాడు. నేను అందులో సగం చెప్పాను. అతను నాతో మాట్లాడటం మానేసి, పోయిన బంధువుని తలుచుకున్నట్టు సరస్సు వైపు చూశాడు. చివరికి ఇద్దరికీ నచ్చని ఒక రేటుకి కుదిరింది, అంటే న్యాయమైన రేటన్నమాట. అయితే అసలు కిటుకు తర్వాత ఉంది. ఒడ్డు కనుమరుగయ్యాక ఇంజను నెమ్మది చేసి, "నలబణ దీవిలో పక్షులు కూడా చూస్తారా బాబూ? కొంచెం ఎక్కువవుతుంది" అన్నాడు. బేరం ఒడ్డున ఆడే విద్య. చుట్టూ నీళ్ళుండగా ఇంజను తాడు ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు ఆడేది బేరం కాదు. చూస్తామన్నాం.

డాల్ఫిన్ల విషయంలో రెండు కంపెనీలూ మాట నిలబెట్టుకున్నాయి. ఓడలో మేం భోజనానికి వెళ్ళొచ్చేసరికి మంచం మీద డాల్ఫిన్ ఉంది. తెల్ల తువ్వాలు మెలిపెట్టి చేసింది. మర్నాడు ఏనుగు, ఆ మర్నాడు హంస. ఒళ్ళు తుడుచుకోవాలంటే జీవహింస చేస్తున్నట్టుండి, మా ఆవిడ మూడు రోజులూ చీర కొంగుతోనే సరిపెట్టింది. ఇక చిలికాలో ఇరావదీ డాల్ఫిన్లు నిజంగానే ఉన్నాయి, కాకపోతే ఎక్కువగా కనబడేది అటు సాతపడా వైపు. మాది ఇటు పక్క. అయినా పడవవాడు "అదిగో డాల్ఫిన్!" అని నాలుగుసార్లు చూపించాడు. రెండుసార్లు అది వల కట్టిన వెదురుగడ. ఒకసారి నీటికాకి. నాలుగోది మాత్రం మా అమ్మకి కనబడింది. ఆవిడకి 78 ఏళ్ళు, రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, కాబట్టి సాక్ష్యం కొట్టిపారేయలేను.

ఇంతకీ ద్వీపం సంగతి. పెద్ద ఓడలు లక్షద్వీప్‌లో ఒడ్డుకి ఆనుకోలేవు. చుట్టూ పగడపు దిబ్బలు. దూరంగా ఆగితే చిన్న పడవల్లో దింపుతారు. మేం వెళ్ళిన రోజున అల ఎక్కువగా ఉంది. కెప్టెన్ మైకులో చాలా బాధపడ్డాడు. టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, వాతావరణం బాగాలేకపోతే ద్వీపం మానేసే హక్కు ఓడకి ఉందని రాసే ఉంది. ప్రపంచంలో ఏ క్రూయిజ్ టికెట్ తిరగేసినా ఆ వాక్యం ఉంటుందట. అంచేత మేం కమ్మీ పట్టుకుని నిలబడి ద్వీపాన్ని చూశాం. ఫొటో కూడా ఉంది. పైన నీలం, కింద నీలం, మధ్యలో గోటితో గీసినట్టు సన్నటి ఆకుపచ్చ గీత. మా ఆవిడ ఆ గీతని వేళ్ళతో పెద్దది చేసి, "ఇదిగో కొబ్బరిచెట్టు" అంటుంది. ఎదురింటివాళ్ళకి ఇంకా ఎక్కువ చెట్లు చూపించింది.

ఈ బెడద లేకుండా అమెరికా కంపెనీలు బహామాస్‌లో తమ ప్రయాణికుల కోసమే ద్వీపాలు పెట్టుకున్నాయి. డిస్నీవారి ఓడలు 1998 నుంచి తమ సొంత ద్వీపానికి వెళ్తున్నాయి. రాయల్ కరీబియన్‌వారికి కోకోకే అని ఒకటుంది. ఓడ మీద ఖర్చుపెట్టినవాడు దిగాక పరాయి దుకాణంలో ఖర్చుపెడితే ఎవరికి నష్టం? వారి 2024 నాటి ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు, ఇరవై అంతస్తులు, ఎక్కేవాళ్ళు 7000 పైమాటే. మా పక్కన చాలా పంచాయతీల్లో అంత జనాభా లేదు. ఊరంత ఓడ ఒక ఊరికి వెళ్ళడమెందుకో నాకు అర్థం కాలేదు. ద్వీపాన్ని సొంతానికి వాడుకోవడంలో మాత్రం మనవాళ్ళే ముందు. చిలికా ఒడ్డున రంభ అనే ఊరి దగ్గర ఖళ్ళికోట రాజావారు పొద్దుటి ఫలహారానికి ఒక దీవిలో బంగళా కట్టించారని చెబుతారు. ఇప్పుడు మొండిగోడలున్నాయి. పేరు ఇంకా బ్రేక్‌ఫాస్ట్ ఐలాండే.

ఇప్పుడు కెప్టెన్లు. ఓడ కెప్టెన్ తెల్ల దుస్తుల్లో, భుజాన నాలుగు బంగారు పట్టీలతో, మెట్ల మీద నిలబడి అందరికీ చెయ్యి కలిపాడు. ఆయన చెయ్యి మెత్తగా ఉందని నేను ఆ రోజే గమనించి పెట్టుకున్నాను.

చిలికా కెప్టెన్‌ది లుంగీ, తలకి ఎర్ర గంఛా. కాళీజాయి ఇంకా కనుచూపు మేరలో ఉందనగా పడవ కిందనుంచి మెత్తగా, బురదలో పందెం ఓడిన దున్నపోతులా ఆగిపోయింది. పంకాకి నాచు చుట్టుకుంది. లైఫ్ జాకెట్లు వేసుకున్న పదకొండు మందిమీ ఒక్కసారి జాకెట్లు తడుముకున్నాం. నాదానికి జిప్పు లేదు, తాడు కట్టి ఉంది. మా ఆవిడ కాళీమాతని పిలుస్తోంది, వెనక సీటు బెంగాలీవాళ్ళూ ఆవిడనే పిలుస్తున్నారు. పడవవాడు తల గోక్కుని, "టికే రహంతు ఆజ్ఞా" అన్నాడు, కాస్త ఆగండి అని. బీడీ చెవి మీద పెట్టుకుని నీళ్ళలోకి దూకేశాడు. మేం కెవ్వుమన్నాం. అతను నిలబడ్డాడు. నీళ్ళు బొడ్డు దాకా వచ్చాయి.

అరగంట నుంచి మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది బొడ్డు లోతు నీళ్ళ మీద. చిలికా అంతే, చాలాచోట్ల మనిషి లోతు ఉండదు. నదులు ఒండ్రు తెచ్చిపోసి, సముద్రపు నోరు పూడి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల చిట్టాకెక్కింది. 2000 సెప్టెంబరులో సాతపడా వైపు కొత్త ముఖద్వారం తవ్వాక కోలుకుని, 2002లో ఆ చిట్టా నుంచి బయటపడింది. అదంతా ఆ క్షణంలో గుర్తు రాలేదు. కెప్టెన్ నాచు పీకి, పడవ వెనక్కి వెళ్ళి, భుజం ఆనించి తోస్తున్నాడు. బీడీ తడవలేదు. "ఎవరైనా దిగి ఒక చెయ్యి వెయ్యండి" అన్నాడు. లక్షద్వీప్ ఓడలో ఎన్నో కార్యక్రమాలున్నాయి గానీ, ఓడని తోసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. నేను దిగలేదు. పోల్చేవాడు తటస్థంగా ఉండాలి. మా ఆవిడ ఈ వాదన ఇంకా ఒప్పుకోలేదు.

భద్రత గురించి ఒక ముక్క. టైటానిక్ 1912లో మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర భద్రత ఒప్పందం రాసుకున్నాయి. అందుకే ఇప్పుడు ఓడెక్కగానే సైరన్ మోగించి అందరికీ జాకెట్టు పాఠం చెబుతారు. చిలికా పద్ధతి వేరు. పెళ్ళయి అత్తారింటికి తండ్రితో పడవలో వెళ్తూ గాలివానలో మునిగిపోయిన జాయి అనే పిల్లే కాళీజాయి అమ్మవారు. పడవవాళ్ళు ఆవిడని తలుచుకోకుండా తాడు విప్పరు. పడవ ప్రమాదం జరిగిన చోటికే ప్రయాణికులని పడవలో తీసుకెళ్ళి, కొబ్బరికాయ కొట్టించి, మళ్ళీ అదే పడవలో వెనక్కి తెచ్చే ధైర్యం ఏ అంతర్జాతీయ కంపెనీకి ఉంది?

తిరుగు ప్రయాణంలో నా పోలికలన్నీ మా అమ్మకి వినిపించాను. అంతా విని, "ఒరే, మీ తాత ఎక్కిన ఓడ లెక్కలోకి రాదా?" అంది. మా తాత గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు అలాగే అంటారు. టికెట్ డబ్బు మేస్త్రీ ముందే ఇచ్చి, తర్వాత కూలిలో కోసుకునేవాడు, అంటే అదీ కార్డు పద్ధతే. సీటు డెక్కు మీద చాప. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక తిరుగు ప్రయాణంలో ఎక్కువ భాగం నడక. "ఆయన డబ్బు లేకుండా ఎక్కి, ఎంతో కొంత మొలలో కట్టుకుని దిగాడు. నువ్వు డబ్బుతో ఎక్కి ఏం తెచ్చావు?" అంది. నేను తెచ్చింది ఓడ బొమ్మ ఉన్న ఫ్రిజ్ అయస్కాంతం. అది సరిగా అంటుకోదు కూడా.

ఓడ కంపెనీ నుంచి ఇప్పటికీ మెయిళ్ళు వస్తున్నాయి. మా సేవని సున్నా నుంచి పదిలో ఎక్కడ ఉంచుతారు, మీ బంధుమిత్రులకి చెబుతారా అని. ఇది ఐదోది. పడవవాడు ఒకేసారి ఫోన్ చేశాడు. అమ్మ గొడుగు పడవలో ఉండిపోయిందట, బరంపురం బస్సు కండక్టరుకి ఇచ్చి పంపాడట, స్టాండులో తీసుకోమన్నాడు. వెళ్ళాను. కండక్టరు తెచ్చినందుకు ముప్పై రూపాయలు అడిగాడు. గొడుగు విప్పితే లోపల పొట్లం కట్టిన ఎండురొయ్యలు పావుకిలో, దాని మీద పెన్నుతో రాసిన ధర, ఫోన్‌పే నంబరు.

మెయిలుకి ఇంకా జవాబు రాయలేదు. రొయ్యలకి డబ్బు పంపాను, పది రూపాయలు తగ్గించి.