ఈతకు కేటాయించే సమయం తగ్గించకండి
ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా సాగే ట్రయథ్లాన్ పోటీల్లో ఒలింపిక్ దూరం అనే రకంలో మొత్తం 51.5 కిలోమీటర్లకు గాను ఈత 1.5 కిలోమీటర్లే కాబట్టి, సీజనుకు ముందు నెలల్లో సాధననంతా సైక్లింగ్‌కూ పరుగుకూ మళ్లించాలని, ఈ పోటీల సాధన గురించి వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. నా మొదటి సీజనులో నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని వారానికి ఒక్కసారే కొలనులోకి దిగాను. పోటీ రోజున సరస్సులో, కొలనులో ఉన్నట్టు దారి చూపే గీత అడుగున లేదు, పట్టుకుని ఆగడానికి గట్టు లేదు, చుట్టూ ఎవరెవరివో కాళ్లూ చేతులూ తగులుతున్నాయి. తల ఎత్తి దారి చూసుకునే అలవాటు లేక వంకరగా ఈదుతూ చాలా దూరం అదనంగా వెళ్లాను. ఒడ్డుకు చేరేసరికి గుండె దడదడలాడుతోంది. సైకిల్ మీద మొదటి 10 కిలోమీటర్లు తేరుకోవడానికే సరిపోయాయి, చివరి పరుగులో కాళ్లు మొండికేశాయి. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అందుకే నడుము కాస్త కిందికి వాలినా నీరు వెనక్కి లాగి, ఎంత బలమున్నా వృథా అవుతుంది. ఆ భంగిమను సరిచేసుకోవడానికి నెలలు పడుతుంది, పోటీకి మూడు వారాల ముందు మొదలుపెడితే కుదరదు. మరుసటి ఏడాది వారానికి మూడుసార్లు ఈదాను, అందులో ఒకటి తోడుగా మరొకరిని పెట్టుకుని సరస్సులోనే. ఈతలో తగ్గింది కొద్ది నిమిషాలే, కానీ సైకిల్ ఎక్కేటప్పుడు నాలో శక్తి మిగిలే ఉంది. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధన తప్పనిసరి అని వ్యాసంలో రాసింది మాత్రం అక్షరాలా నిజం.