లైకుకో రూపాయి

మన శ్రీకాకుళంలో ఒక బట్టల షాపు వారికి, కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ప్రాంతం మీద జాలి కలిగింది. సరిగ్గా పండగ స్టాకు దిగిన వారంలోనే కలిగింది. వెంటనే ఒక రీల్ వదిలారు. మీరు లైక్ కొడితే కిడ్నీ రోగులకు ఒక రూపాయి, షేర్ చేస్తే రెండు, పేజీని ఫాలో అయ్యి ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చేస్తే ఏకంగా ఐదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో ఓనరుగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. వెనకాల కాస్త మసగ్గా ఒక డయాలసిస్ మిషను. మిషను పక్కన పట్టుచీరలు.

రీల్ చివర్లో చీమ తలకాయంత అక్షరాలతో 'గరిష్ఠ పరిమితి వర్తించును' అని ఉంది. ఎంత పరిమితో ఎక్కడా లేదు. దయకు హద్దులుండవని మన పెద్దలు చెప్పేవారు. పాపం, వాళ్లకు వ్యాపారం తెలీదు.

ఈ త్యాగాన్ని తక్కువ చేయకూడదు. లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013 నాటి కంపెనీల చట్టం చెప్పింది గానీ, అది ఏడాదికి 5 కోట్ల లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో దాటిన కంపెనీలకు. మన షాపును ఏ చట్టమూ అడగలేదు. అయినా ఇస్తామన్నారు. కాకపోతే నేను లైక్ కొడితేనే ఇస్తారు. కొట్టకపోతే ఉద్దానంలోని కవిటిలో ఎవరికో ఒక రూపాయి తగ్గుతుంది. అంటే రూపాయి వారిది, పాపం నాది.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా ప్రారంభించారు. రీల్‌లో ఈ గొడవంతా లేదు. కొబ్బరితోటల మీద డ్రోన్ షాటు, ఏడుపు సంగీతం, ఆ తర్వాత 'చీరలపై ప్రత్యేక తగ్గింపు' ఉన్నాయి.

సరే, పంపిణీ వీడియోకి వద్దాం. నాకు ప్రాణం అది. మా ఇంటికి ఎవరొచ్చినా టీ కన్నా ముందు అదే చూపిస్తున్నాను.

ముందు కారు ఆగుతుంది. ఓనరుగారు దిగుతారు. యాంగిల్ కుదరలేదేమో, మళ్లీ దిగుతారు. వెనక తమ్ముడుగారు, బావమరిదిగారు, పదవి ఏమిటో తెలియని మరో ఇద్దరు. డయాలసిస్ సెంటరు వరండాలో బెంచీల మీద పేషెంట్లు కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరికీ ఒక 'ఆరోగ్య కిట్టు'. అందులో డజను అరటిపళ్లు, ఒక కొబ్బరిబోండం, రెండు లీటర్ల నీళ్ల బాటిలు, అన్నీ పెట్టుకోవడానికి షాపు పేరున్న క్యారీబ్యాగు.

డయాలసిస్ పేషెంట్లకు డాక్టర్లు పదే పదే చెప్పే జాగ్రత్తలు కొన్నున్నాయి. అరటిపండు, కొబ్బరినీళ్లు దూరం పెట్టాలి. వాటివల్ల ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. నీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. వెతికి వెతికి సరిగ్గా ఆ మూడే కిట్టులో పెట్టారు. ఉన్నవాటిలో ప్రాణహాని లేనిది క్యారీబ్యాగొక్కటే. పైగా ఉద్దానం వాళ్లకు కొబ్బరిబోండం దానం! అరసవల్లి సూర్యనారాయణస్వామికి టార్చిలైటు సమర్పించడం ఒక్కటే మిగిలింది.

ఇక ఫొటో. ఒక కిట్టును ఐదుగురు కలిసి ఇవ్వాలి. పుచ్చుకునేది మాత్రం ఒక్క ముసలాయన. రీల్స్ తీసే కుర్రాడు "తాతా, ఆ చేత్తో కాదు, ఈ చేత్తో పట్టుకో. లోగో కనబడాలి" అంటాడు. ఆయన "ఈ సేత్తో బరువు ఎత్తొద్దని డాట్రుబాబు సెప్పినారు బాబూ" అంటాడు. "ఒక్క నిమిషమే తాతా, నవ్వు." ఆయన ఎత్తాడు. నవ్వాడు కూడా.

ఆ చేతిలో ఉండేది ఫిస్టులా. ధమనిని, సిరని కలిపి ఆపరేషన్ చేసి, నెల పైబడి ఆగితే గానీ డయాలసిస్ సూది గుచ్చడానికి పనికిరాదు. ఆ చేతికి బీపీ చూడరు. వాచీ బిగించరు. తల కింద పెట్టుకుని పడుకోవద్దంటారు. అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషను, మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరుగుడు. వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగు గంటల చొప్పున, ఆ చేయే ఆయన్ని బతికిస్తోంది. మీ లోగో కోసం దాన్ని ఎత్తించారు. సిగ్గుండాలి. ఆయన ముఖం, ఊరి పేరు, జబ్బు పేరు అన్నీ కలిపి ఊరందరి ఫోన్లలోకి వదిలారు. ఆయన్ని ఒక్క మాట అడిగారా? రేపు ఆయన మనవరాలికి సంబంధం చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ వీడియో చూసి వెనక్కి పోతే, మీరేమైనా లైకుకో రూపాయి చొప్పున కట్నం చదివిస్తారా?

ప్రభుత్వం డయాలసిస్ ఉచితంగానే చేస్తోంది. ఇంటి దగ్గర్నుంచి సెంటరుకు వెళ్లి రావడానికి ఆటో ఖర్చుంది. తోడు వచ్చే కొడుక్కో కోడలికో ఆ రోజు కూలి పోతుంది. డ్రోనుకు ఇచ్చిన అద్దె ఆ ఆటోవాడికి ఇచ్చి ఉంటే ఎంతమంది తిరిగేవారో మీ మేనేజరే లెక్క కట్టి చెప్పగలడు. పేజీకి అంతమంది ఫాలోవర్లున్నారు కదా, ఫలానా బ్లడ్ బ్యాంకులో ఫలానా గ్రూపు తక్కువగా ఉందని ఈ రోజు తేదీ వేసి ఒక్క పోస్టు పెట్టండి, అవసరం తీరగానే తీసేయండి. రక్తం ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వొచ్చు. పుట్టినరోజు నాడు డిస్కౌంటు మెసేజి పంపడం మర్చిపోని మీకు, ఆ తేదీ గుర్తుపెట్టుకుని మెసేజి పంపడం ఏమంత కష్టం? కానీ ఇందులో ఓనరుగారు కారు దిగే సీను లేదు. అదే చిక్కు.

ఇంతకీ లైకులు ఎన్నొచ్చాయి, రూపాయలు ఎన్నయ్యాయి, ఎవరికిచ్చారు, రశీదు ఏదీ అని మర్యాదగానే కామెంటు పెట్టాను. రెండు దండాల బొమ్మలతో 'వివరాలకు ఇన్‌బాక్స్‌లో సంప్రదించగలరు సర్' అని జవాబొచ్చింది. సంప్రదించాను. పట్టుచీరల ధరల పట్టిక వచ్చింది.