చేయని అప్పుకు ఐపీ ఎందుకు పెట్టాలి?

"ఎందుకొచ్చిన గొడవ, ఐపీ పెట్టెయ్" అని, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేయమని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. వ్యాపారంలో మునిగినవాడికో, చిట్టీ ఎత్తి వాయిదాలు కట్టలేకపోయినవాడికో ఆ మాట చెబితే అర్థం ఉంది. ఆధార్, పాన్ జిరాక్సులు సంపాదించి ఇంకెవడో లోన్ ఎత్తుకుపోతే, ఆ బాకీ కింద నలుగుతున్న మనిషికీ ఇదే సలహా ఇస్తున్నారు. ఇది తప్పుడు సలహా.

ఆమధ్య కూకట్‌పల్లి నుంచి ఓ ఏసీ మెకానిక్ మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లోన్ అప్లికేషన్ ప్రింటు. పేరు ఆయనదే, ఆధార్ నంబరు ఆయనదే, ఫోన్ నంబరు మాత్రం ఎవరిదో. కింద సంతకం ఇంగ్లీషులో గిలికి ఉంది. ఆయనేమో బ్యాంకు పాస్‌బుక్కు నుంచి ఇంటి అద్దె అగ్రిమెంటు దాకా తెలుగులోనే సంతకం పెట్టే మనిషి. రికవరీ వాళ్లు షాపు ఓనరుకు ఫోన్ చేశారు, సంబంధాలు చూస్తున్న చెల్లెలికీ చేశారు. టెన్షన్ తట్టుకోలేక లాయరు దగ్గరికెళితే ఐపీ వేద్దాం అన్నాడట.

ఐపీ వేస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు మనుషులకు మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. దాని కింద 500 రూపాయల బాకీ ఉన్నా పిటిషన్ వేయొచ్చు గానీ, ఎవరికి ఎంత బాకీయో, ఉన్న ఆస్తేమిటో రాసి, తీర్చలేనని సంతకం పెట్టాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికో, కోర్టు పెట్టిన రిసీవరు చేతికో వెళ్లిపోతుంది. దొంగ ఎత్తుకుపోయిన లోన్‌ను ఆ జాబితాలో మామూలు బాకీగా రాస్తే, అది నాదేనని కోర్టులో మనమే ఒప్పుకున్నట్టవుతుంది, రేపు దొంగ దొరికినా వాడి లాయరు ముందు చూపించేది ఆ కాగితమే. సొంత అప్పులు కూడా పీకల దాకా ఉంటే ఐపీ ఆలోచించాల్సిందే, అప్పుడైనా ఈ బాకీ నాది కాదని పిటిషన్‌లోనే స్పష్టంగా రాయించుకోవాలి.

అప్పిచ్చినవాళ్లను ముందుగా అడగాల్సింది ఒక్కటే: డబ్బు ఏ ఖాతాలో పడింది? డిజిటల్ లోన్ సొమ్ము, కొన్ని మినహాయింపులు తప్ప, నేరుగా అప్పు తీసుకున్నవాడి బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలని 2022లో ఆర్బీఐ నిబంధన పెట్టింది. ఆ ఖాతా మనది కానప్పుడు బాకీ మనదెలా అవుతుంది? ఖాతా వివరాలు, లోన్ కోసం ఇచ్చిన గుర్తింపు (కేవైసీ) కాగితాలు రాతపూర్వకంగా అడగండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఐటీ చట్టం 66సీ కింద ఇంకొకరి గుర్తింపును వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు. మన అప్పుల చిట్టా రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుందని ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మనకే కట్టాలి. ఇది చాలామందికి తెలియదు, అడిగేవాళ్లు లేక ఎవరూ ఇవ్వరు. అక్కడా పని కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

ఇవన్నీ చేయడానికి రోజు కూలీ పోగొట్టుకుని తిరగాల్సింది మోసపోయినవాడే కావడం మాకు మింగుడుపడటం లేదు. ముక్కూ మొహం చూడకుండా, ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకుని లక్షలు ఇచ్చింది వాళ్లు. నిరూపించుకోవాల్సిందీ వాళ్లే. పోలీసు ఫిర్యాదు నంబరు చేతికిచ్చిన రోజు నుంచి, అప్పు ఈయనే తీసుకున్నాడని అప్పిచ్చిన సంస్థ తేల్చేదాకా, వసూళ్లు, వడ్డీ, సిబిల్‌లో ఎర్ర మచ్చ అన్నీ ఆగిపోవాలి. ఆర్బీఐ ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వాలి. ఈ స్టేషన్ పరిధి కాదంటూ మనిషిని తిప్పకుండా పోలీసులు మొదటి రోజే కేసు రాయాలి.

ఆ మెకానిక్ ఐపీ వేయలేదు. ఖాతా వివరాలు అడుగుతూ రిజిస్టర్ పోస్టు పంపాడు. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం ఇంకా రాలేదు.