'పని చేయనివారు' గడికి ఒక పనిలేని తల్లి ఉత్తరం

మహారాజశ్రీ జనాభా లెక్కల కాగితంలోని 'పని చేయనివారు' అనే గడి గారికి,

ఏడుగురు పిల్లల తల్లి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు 2027 ఫిబ్రవరిలో మళ్ళీ దయచేస్తున్నారని పేపర్లో చూసి, ముందుగానే ఈ నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను. వచ్చాక మాట్లాడదామంటే పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది.

1881 నుంచి పదేళ్ళకోసారి ఠంచనుగా జరిగే లెక్కలు 2021లో జరగలేదు. కరోనా అన్నారు. కరోనా పోయాక కూడా జరగలేదు. పదహారేళ్ళ విరామం! ఇన్నేళ్ళు కనబడకపోయినా తమ పెద్దలను ఎవరూ 'పని చేయనివారు' అని రాసుకోలేదు. నేను కరోనాలోనూ మూడు పూటలా వండాను. ఆ గడి మాత్రం నాకే ఉంచారు.

2011 కాగితం మా మూడో అమ్మాయి చూపించింది. ఆర్థికం కాని పనులట, వాటికి వరసగా నంబర్లు. విద్యార్థి 1, ఇంటి పనులు 2, ఒకరి మీద ఆధారపడ్డవారు 3, పింఛనుదారు 4, అద్దెల మీద బతికేవారు 5, బిచ్చగాడు 6. నాకు రెండో ర్యాంకు ఇచ్చినందుకు సంతోషం. బళ్ళో చదివే రోజుల్లో ఎప్పుడూ రాలేదు.

తమరినీ పూర్తిగా తప్పుపట్టలేను. అడగవచ్చిన మాస్టారికి జవాబు చెప్పేది అరుగు మీద కూర్చున్న మగమనిషే. "ఆవిడేం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." మా వారూ అదే చెప్పారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ సమయానికి నేను లోపల పత్తి ముందేసుకుని లక్షవత్తుల నోముకి వత్తులు చేస్తున్నాను. గింజ తీయడం, దూది ఏకడం, వేలికి కాస్త విభూతి అద్దుకుని నులమడం, నూరేసి చొప్పున కట్టడం. మధ్యలో ఒకడు ఫీజు కోసం, ఒకతి రిబ్బను కోసం, ఇద్దరు ఒకరి మీద ఒకరు చాడీల కోసం వచ్చి వెళ్ళారు. అయినా లక్షలో ఒక్కటి తప్పలేదు. తమరు నన్ను ఒక్కదాన్ని లెక్కపెట్టలేకపోయారు.

తమ నియమాల్లో నాకు బాగా నచ్చింది పాల సంగతి. ఇంటి వాడకానికే అయినా సరే, పాడి చేస్తే అది పనే అని రాసుకున్నారు. అంటే తెల్లవారుజామున దొడ్లో గేదె దగ్గర కూర్చున్నంతసేపూ నేను శ్రామికురాలిని. చెంబు పట్టుకుని వంటింటి గడప దాటగానే పనీపాటా లేనిదాన్ని. ఆ పాలు కాచి, తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచి, ఆ నేతితో దేవుడి దగ్గర దీపం పెట్టి, మజ్జిగ అందరి కంచాల్లో పోసేదాకా అంతా ఖాళీగా ఉన్నట్టే. గడపకి ఇంత మహిమ వాస్తు సిద్ధాంతులు కూడా చెప్పలేదు. ఆవకాయ కూడా అంతే. జాడీ అమ్మితే పని, అమెరికాలో కొడుక్కి పంపిస్తే ప్రేమ.

ఇక నా కాలక్షేపాల సంగతి. ధనుర్మాసం నెల పొడుగునా వాకిట్లో రోజుకో ముగ్గు. సరి చుక్కా, సందు చుక్కా, మెలికలూ. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే గీత తిరిగి ఇంటికి రాదు. పుస్తకం చూసి వేయను. వంకాయలు తరుగుతుంటే ఆలోచన వస్తుంది, దొడ్డిగోడ మీద బొగ్గుతో గీసి చూసుకుంటాను. తెల్లారి వేసిన ముగ్గు మీంచి పొద్దెక్కేసరికి పాలబ్బాయి స్కూటరు పోతుంది. పోతుందని తెలిసే వేస్తాను. పెద్ద నగరాల్లో ఇలాగే వేసి చెరిపేస్తే దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారనీ, టికెట్టు పెడతారనీ మా చిన్నవాడు చెప్పాడు. సంక్రాంతి బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాలూ, ఏటికొప్పాక లక్క బొమ్మలూ కొన్నవే. మిగతా ఊరంతా నాది. మెంతులు మొలకెత్తించి పొలం, పగిలిన అద్దంతో చెరువు, పాత శుభలేఖలు కత్తిరించి గుడి, జాకెట్టు ముక్కలతో పెళ్ళివారు. ఆ ముక్కలైనా మిగిలితేనే. మా ఇంట్లో పెద్దవాడి పంట్లాం రెండోవాడికి నిక్కరై, తర్వాత బడి సంచై, చివరికి బొంతలో అతుకయ్యాకే గుడ్డకి విముక్తి.

పాటలు కూడా కట్టాను. అమ్మవారి మీద ఒక మంగళహారతి, పిల్లని ఉయ్యాల్లో ఊపుతూ చరణానికో రోజు చొప్పున కట్టినది. అది మా కోడలి ఊళ్ళో పేరంటంలో నాకే పాడి వినిపించారు. "చాలా పాతదండీ, ఎవరో పెద్దలు రాసింది" అన్నారు. కాదని చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మవారికి తెలుసుగా. అయినా అన్నమయ్యగారి ఇల్లాలు తాళ్ళపాక తిమ్మక్కగారు తెలుగులో తొలి కవయిత్రి అంటారు. తమ కాగితం ఆ రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళి ఉంటే అన్నమయ్యగారికి ఏదో ఒక వృత్తి దొరికేది. ఆవిడకి కోడ్ 2.

తమ దాయాదులు ఇంకొకరున్నారు, కాలం లెక్కలవారు. 2019లో ప్రభుత్వ సర్వేలో ఆడవారి ఇంటిపని రోజుకు సగటున 299 నిమిషాలని తేలింది, మగవారిది 97. 2024లో మళ్ళీ చూస్తే ఆడవారిది 289కి తగ్గింది. ఆ పది నిమిషాలూ మగవారు అందుకున్నారేమోనని సంబరపడి చూశాను. వారిది 88కి తగ్గింది! ఇద్దరమూ తగ్గించేస్తే ఇల్లు ఎవరు ఊడుస్తున్నట్టు? మగవారి లెక్క కూడా ఇంటిపనిలో చెయ్యి పెట్టినవారిదేనట, అరుగు మీదివారు అందులో లేరు. అన్నట్టు, ఆ సర్వే పద్దుల్లో పూజలూ, నలుగురితో కబుర్లూ ఒకే పద్దు కింద ఉంటాయి. ఇదొక్కటి వారు నిజమే కనిపెట్టారు. మా పేరంటాలు చూసి రాసినట్టుంది.

మా మూడో అమ్మాయి వకీలు. నాకూ ఒక ధర ఉందని అదే చెప్పింది. కాకపోతే ముందు నేను లారీ కింద పడాలి. పరిహారం తేల్చాల్సి వచ్చినప్పుడే ఇల్లాలి పని విలువెంత అనే ప్రశ్న పుడుతుందట. 2001లో సుప్రీంకోర్టు ఒక అగ్నిప్రమాదం కేసులో 34 నుంచి 59 ఏళ్ళ ఇల్లాళ్ళకు నెలకు 3,000 రూపాయలని లెక్కకట్టింది. 62 దాటినవారికి ఏడాదికి 20,000. మనవలు వచ్చాక నాకు పని పెరిగింది, రేటు పడిపోయింది. 2010లో అదే కోర్టు, ఇంటిపని చేసేవారిని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి రాస్తారా అని తమవారిని మందలించింది. 2021లో, మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళిన జస్టిస్ ఎన్.వి. రమణగారు తమ 2011 లెక్కలే తీసి చూపించారు. ఇంటిపనే మా ప్రధానమైన పని అన్న ఆడవారు దాదాపు 16 కోట్లు, మగవారు 57.9 లక్షలు. ఆ 57.9 లక్షల్లో ఒక్కరిని ఒక ఆదివారం మా ఇంటికి పంపగలరా? ఊరికే, మా వారికి చూపిద్దామని.

దేవత అంటే ఊరుకుంటానేమో అనుకునేరు. మదర్స్ డేకి ఏడు ఫోన్ల నుంచి ఏడు వాట్సాప్ పూలగుత్తులొస్తాయి, అమ్మే దైవమని. మా దేవుడి గదిలో దైవాలెవరూ గిన్నెలు తోమరు. వారికి వేడివేడిగా నైవేద్యం పెడతాం, హారతిస్తాం, తలుపు దగ్గరికి వేసి కాసేపు పడుకోనిస్తాం. ఏకాదశి ఉపవాసం నాదే, ఫలహారాలు ఇంటిల్లిపాదికీ. వాళ్ళ ఫలహారం రుచి చూడకుండా ఉప్పు సరిపెట్టడం కూడా ఒక విద్యే. దానికి కోడ్ ఉందేమో చూడండి.

కొత్తగా పెళ్ళయినప్పుడు మా అత్తగారు నాచేత చిత్రగుప్తుని నోము పట్టించారు. ఉద్యాపనకి ఆకూ గంటమూ దానమిచ్చాం. లెక్కలు రాసే ఆయనకి నోమెందుకని అప్పుడు నవ్వుకున్నాను. రాసేవాణ్ణి ముందే మంచి చేసుకోవాలని పెద్దవాళ్ళకి తెలుసు. తమకే నోము నోచాలో సెలవివ్వండి. ఈసారి లెక్కలు డిజిటల్ అంటున్నారు కాబట్టి ఆకూ గంటం బదులు పవర్ బ్యాంకు ఇప్పిస్తాను.

వచ్చే రథసప్తమి కూడా ఫిబ్రవరిలోనే. కుదిరితే ఆ ఉదయమే రండి. వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం చేస్తాను, చిక్కుడుకాయలకి ఈనెపుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కడతాను. నైవేద్యమయ్యాక చిక్కుడాకులో తమకీ పెడతాను. మొహమాటపడకుండా తినండి. ఎవరూ పనిచేసి వండింది కాదు.

ఇట్లు,
విధేయురాలు,
కోడ్ నంబరు 2