సవరణ: డ్రగ్ కోర్టుకు వెళ్తే కేసు పోయినట్టే కాదు

అమెరికాలో జైలుకు బదులు చికిత్స గురించి రాసిన పోస్టులో "డ్రగ్ కోర్టుకు వెళ్తే కేసు పోయినట్టే" అన్న వాక్యాన్ని తీసేశాం. డ్రగ్ కోర్టు అంటే మత్తు వ్యసనం ఉన్న నిందితులను జైలుకు బదులు చికిత్సకు పంపే ప్రత్యేక కోర్టు. కేసు ఎక్కడికీ పోదు. చాలాచోట్ల నిందితుడు ముందే నేరం ఒప్పుకోవాలి. తర్వాత చికిత్స, మూత్ర పరీక్షలు, జడ్జి ముందు తరచూ హాజరు. మధ్యలో మానేస్తే శిక్ష ఖాయమనే అనుకోవాలి. పూర్తిచేస్తే కేసు కొట్టేయవచ్చు, లేదా శిక్ష తగ్గవచ్చు. ఒకసారి మళ్లీ మత్తు తీసుకున్నంత మాత్రాన సాధారణంగా బయటికి పంపరు. ఇది కొందరికి నచ్చదు కానీ, వ్యసనం స్వభావమే అంత.

1989లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో మొదలైంది డ్రగ్ కోర్టు. మానసిక జబ్బు ఉన్న నిందితుల కోసం పెట్టిన మానసిక ఆరోగ్య కోర్టు వేరు, అది 1997లో ఫ్లోరిడాలోనే బ్రోవార్డ్ కౌంటీలో వచ్చింది. రెండు సమస్యలూ ఉన్న మనిషిని ఎటు పంపాలన్నదే అసలు తలనొప్పి.