ఏరు దాటినవాళ్ళకి తెప్పతో పనిలేదు సరే, మరి ఒడ్డున మిగిలినవాళ్ళకి?

లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో ఒక్క ఆప్షన్ గురించి, పాత ప్రోగ్రాములకి గొంతిచ్చే ఓఎస్ఎస్ ఎమ్యులేషన్ గురించి, ఇంత పొడుగు పోస్టా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మూడు వారాలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇవాళ కక్కేస్తున్నా.

మా జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రి ఉంది. అక్కడ కంప్యూటర్ల బాగోగులు చూసేది మా పెదనాన్నగారి అబ్బాయి. ఓపీ హాల్లో గోడకి ఒక టీవీ, దాని వెనక చెక్కపెట్టెలో ఒక పీసీ. "టోకెన్ నంబర్ నలభై రెండు, మూడో గది" అని ఓ ఆడగొంతు పిలుస్తుంది. బొమ్మ చూడకపోయినా పర్లేదు, కళ్ళు సరిగ్గా ఆనని ముసలాళ్ళు కూడా ఆ పిలుపు విని లేచి వెళ్తారు. 2000ల మొదట్లో ఎవరో చిన్న కంపెనీవాళ్ళు రాసిచ్చిన ప్రోగ్రాం అది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. అయినా ఇన్నేళ్ళూ ఎవరికీ దానితో తంటా రాలేదు.

మొన్న మదర్‌బోర్డ్ పోయింది. కొత్త పీసీ తెచ్చారు, కొత్త లినక్స్ వేశారు, హార్డ్ డిస్క్ నుంచి ప్రోగ్రాం తెచ్చి ఎక్కించారు. ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఫోన్. "ఒరేయ్, బొమ్మొస్తోందిరా, గొంతు రావట్లేదు. వారం నుంచి నర్సమ్మలు అరుస్తున్నారు నంబర్లు. ఒకామెకి గొంతు పోయింది కూడా."

వెళ్ళాను. అందరూ చేసే పనే ముందు నేనూ చేశాను: స్పీకర్ తీగలు పీకి పెట్టడం, వాల్యూములు చూపించే ఆల్సామిక్సర్ తెరిచి ఎక్కడైనా మ్యూట్‌లో ఉందేమో చూడటం. అన్నీ బాగానే ఉన్నాయి. టెస్ట్ సౌండ్ హాలంతా మోగింది. ప్రోగ్రాం మాత్రం మూగనోము పట్టింది. చివరికి ప్రోగ్రాం కెర్నెల్‌ని ఏమడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే ఒక్క లైనులో తేలిపోయింది. ప్రోగ్రాం "/డెవ్/డీఎస్పీ" అనే ఫైల్ తెరవబోతోంది, అలాంటి ఫైలే లేదని కెర్నెల్ చెబుతోంది, ఆ మాట ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాం దిగమింగుకుని ముందుకెళ్ళిపోతోంది.

డీఎస్పీ అంటే పోలీసాయన కాదు, దేవిశ్రీ ప్రసాదూ కాదు. కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి కాస్త పాత కథ చెప్పాలి. 1992లో హన్ను సవొలైనెన్ అనే ఫిన్లండ్ ఆయన సౌండ్ బ్లాస్టర్ కార్డుకి డ్రైవర్ రాయడంతో లినక్స్‌కి గొంతొచ్చింది. అదే పెరిగి ఓఎస్ఎస్ అయింది, అంటే ఓపెన్ సౌండ్ సిస్టమ్. దాని అందమంతా సులువులో ఉంది. "/డెవ్/డీఎస్పీ" ఒక ఫైల్. తెరువు, ఎంత వేగం, ఎన్ని బిట్లు, మోనోనా స్టీరియోనా అని మూడు ఐఆక్టల్ కాల్స్‌తో (పరికరానికిచ్చే ఆదేశాలన్నమాట) చెప్పు, ఇక ధ్వనిని నీళ్ళు పోసినట్టు అందులోకి రాసెయ్. సీ భాష నేర్చుకున్న రెండో వారంలోనే పిల్లాడు కంప్యూటర్‌తో కూత పెట్టించగలడు. ఆసుపత్రి ప్రోగ్రాం చేసేదీ అంతే.

తర్వాత ఆస్తి పంపకాలొచ్చాయి. ఓఎస్ఎస్ కొత్త వెర్షన్లు కంపెనీ సరుకైపోయాయి, కెర్నెల్లో ఉన్నది పాతబడింది. 1998 నాటికి చెక్ దేశపు యరొస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని ఆల్సా అనే కొత్త సౌండ్ వ్యవస్థ అయింది. అది 2002లో 2.5.5 కెర్నెల్లోకి చేరింది. 2003 డిసెంబర్లో 2.6 వచ్చేసరికి ఓఎస్ఎస్ ముసలమ్మ, ఆల్సా కొత్తకోడలు. కొత్తకోడలు పనిమంతురాలే, అందులో నాకు పేచీ లేదు. పైగా పెద్దమనసుతో అత్తగారి వేషం కూడా తనే వేసింది: పాత ప్రోగ్రాములు "/డెవ్/డీఎస్పీ" అని పిలిస్తే పలకడానికి ఎస్ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్ఎస్ అని ఒక మాడ్యూల్ (కావాల్సినప్పుడు కెర్నెల్‌కి తగిలించుకునే ముక్క), వాల్యూమ్ తిప్పడానికి ఎస్ఎన్‌డీ-మిక్సర్-ఓఎస్ఎస్, పాత మిడీ వాళ్ళకి ఎస్ఎన్‌డీ-సీక్-ఓఎస్ఎస్. అసలు ఓఎస్ఎస్ డ్రైవర్ల బిల్డ్‌ని 2017లో ఆపేసి, తర్వాత కోడ్ కూడా పీకేశారు. కానీ ఈ వేషం ముక్క మాత్రం ఇప్పటికీ కెర్నెల్లో పదిలంగా ఉంది. యూజర్ ప్రోగ్రాములు విరగకూడదని లినస్ టొర్వాల్డ్స్ ఇన్నేళ్ళుగా ఎంతమంది మీద కేకలేశాడో మనకు తెలుసు. కెర్నెల్ వాళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నారు.

మాట తప్పింది డిస్ట్రోలు, అంటే ఆ కెర్నెల్‌ని కట్టి మిగతా సరుకుతో కలిపి మనకిచ్చే ఉబుంటులాంటివాళ్ళు. ఉబుంటు 2010 నాటి 10.10లోనే ఈ ముక్కని కెర్నెల్లోంచి తీసేసింది. తర్వాత మరికొందరూ అదే బాట. ఆసుపత్రి పీసీలో "/బూట్" కింద కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూస్తే ఓఎస్ఎస్ ఎమ్యులేషన్ (ఆ వేషం ముక్క అసలు పేరు ఇదే) ఎదురుగా "ఈజ్ నాట్ సెట్" అని ఉంది. ఏరు దాటినవాళ్ళు తెప్ప తగలేశారన్నమాట.

"దానికింత గొడవెందుకు, కావాల్సినవాడు ఆన్ చేసుకుంటాడు" అని ఒక డిస్ట్రోలో పనిచేసే స్నేహితుడు తేలిగ్గా అనేశాడు. నా ఒళ్ళు మండింది ఈ మాటకే. ఆన్ చేసుకోవడం అంటే ఏంటో ఒకసారి చూద్దాం.

నేనూ ముందు అలాగే అనుకున్నాను. వైఫై డ్రైవర్ లేకపోతే ఒక్క మాడ్యూల్ కంపైల్ చేసి దించుతాం కదా, ఇదీ అంతే అని. కుదరదు! ఈ ఆప్షన్ ఆన్ చేస్తే ఆల్సా లోపలి స్ట్రక్చర్లే మారిపోతాయి. ధ్వని ప్రవాహం వివరాలు దాచుకునే పీసీఎం సబ్‌స్ట్రీమ్ స్ట్రక్చర్లో ఓఎస్ఎస్ కోసం ఒక గది ఉంటుంది, ఆప్షన్ ఆఫ్ అయితే కంపైల్ చేసేటప్పుడు ఆ గదే ఉండదు. సౌండ్‌కోర్ మాడ్యూల్లో పాత సౌండ్ పరికరాల గుర్తింపు అంకె, మేజర్ నంబర్ 14ని కాచుకుని కూర్చునే భాగం కూడా ఉండదు. బయట నుంచి ఒక్క ఎస్ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్ఎస్ తెచ్చి అతికిద్దామంటే, గోడలో పెట్టని కిటికీకి రెక్కలు బిగించినట్టుంటుంది. మొత్తం సౌండ్ భాగాన్ని మళ్ళీ కంపైల్ చేసి కట్టాలి. తేడా రాకుండా ఉండాలంటే కెర్నెల్ మొత్తం కట్టుకోవడమే మేలు.

కట్టాను. డివైస్ డ్రైవర్స్, సౌండ్ కార్డ్ సపోర్ట్, ఆల్సా, అందులో ఓఎస్ఎస్ ఎమ్యులేషన్. దాని కింద మిక్సర్, పీసీఎం రెండూ మాడ్యూళ్ళుగా. ఇక్కడ ప్లగిన్స్ అని ఒక పిల్ల ఆప్షన్ ఉంటుంది, దాని జోలికి పోకండి, ఆన్‌లోనే ఉంచండి. ఇప్పటి హెచ్‌డీఏ సౌండ్ చిప్పులు చాలావరకు 44100 హెర్ట్జ్, ఆపై వేగాల స్టీరియో అయితేనే పలుకుతాయి. ఆసుపత్రి ప్రోగ్రామేమో 22050లో మోనో. మధ్యలో మార్చి ఇచ్చేది ఆ ప్లగిన్లే. కెర్నెల్ సన్నబడుతుంది కదా అని అతితెలివితో మొదటిసారి అవి తీసేశాను. "టోకెన్ నంబర్ నలభై రెండు" అని నిదానంగా పలకాల్సిన ఆవిడ క్యాసెట్‌ని ఫార్వర్డ్‌లో తిప్పినట్టు కిచకిచమంది. ఓపీలో కూర్చున్న పిల్లలు మాత్రం తెగ నవ్వారు.

మళ్ళీ కట్టాను. ఈసారి కట్టిన కెర్నెల్‌కి సంతకం లేదని సెక్యూర్ బూట్ గుమ్మంలోనే ఆపేసింది. దాన్ని బయోస్‌లోకెళ్ళి ఆపాను. మాడ్యూల్ తనంతట తాను ఎక్కలేదు. ఎక్కితే తప్ప "/డెవ్/డీఎస్పీ" ఫైల్ పుట్టదు, ఫైల్ లేనిదే ప్రోగ్రాం పిలవదు. బూట్‌లో ఎక్కాల్సినవాటి జాబితా ఉండే మాడ్యూల్స్-లోడ్-డీలో పేరు రాసి బూట్‌లోనే ఎక్కేలా చేశాను. ఫైల్ పుట్టింది, ప్రోగ్రాం తెరిచింది, రాసింది, ఒక్క తప్పూ లేదు. అయినా హాలంతా నిశ్శబ్దం! చూస్తే కార్డ్ 0 హెచ్‌డీఎంఐ. గొంతు టీవీలోకి పోతోంది, టీవీ స్పీకర్లు ఎవరో ఎప్పుడో ఆపేశారు. పాతలోకంలో డీఎస్పీ అంటే కార్డ్ 0 అనే అర్థం, కార్డ్ 1 అయితే డీఎస్పీ1. ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ డ్రైవర్‌కి ఇండెక్స్, అంటే కార్డుల వరస, తిరగేసి ఇచ్చాక అప్పుడు పలికింది ఆ తల్లి.

రెండు రాత్రులు పట్టింది ఈ తతంగానికి. కెర్నెల్ కట్టడం తెలిసిన తమ్ముడు ఎన్ని ఆసుపత్రులకు ఉంటాడు?

కెర్నెల్ దాకా ఎందుకు, ఏఓఎస్ఎస్ ఉంది కదా, పల్స్ ఆడియోవాళ్ళ పీఏడీఎస్పీ ఉంది కదా అని కామెంట్లలో రాసేవాళ్ళ కోసం ముందే చెప్తున్నా. అవి రెండూ ఎల్‌డీ-ప్రీలోడ్ కిటుకుతో నడుస్తాయి: ప్రోగ్రాం ఓపెన్ అని పిలిస్తే సీ లైబ్రరీ కన్నా ముందు తాము అందుకుని దారి మళ్ళిస్తాయి. ఇది స్టాటిక్‌గా కట్టిన 32 బిట్ల ప్రోగ్రాం. బయటి లైబ్రరీనే పిలవదు, నేరుగా కెర్నెల్ తలుపు కొడుతుంది. మధ్యలో కాపు కాసినవాడికి అది ఎదురే పడదు. ఇక ఓఎస్ఎస్‌పీడీ అనే ప్రాక్సీ డీమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రాం) ఒకటుంది, క్యూస్ అనే కెర్నెల్ సదుపాయం ద్వారా డీఎస్పీ ఫైల్‌ని యూజర్‌స్పేస్ నుంచే, అంటే కెర్నెల్ బయట నుంచే, పుట్టిస్తుంది. ఆలోచన చక్కనిది, నాలుగు ప్రోగ్రాముల ధ్వని కలిపే మిక్సింగ్ కూడా కలిసొస్తుంది. ఆ పీసీలో వేసిన డిస్ట్రోలో దాని ప్యాకేజీయే లేదు, అది వేరే ఏడుపు.

నా స్నేహితుడి వాదనలో నిజం లేదని అనను. ఈ కెర్నెల్ ఎమ్యులేషన్‌కి మిక్సింగ్ రాదు. ఎవడు ముందు తెరిస్తే కార్డు వాడిది, రెండోవాడికి డివైస్ బిజీ. హాస్టల్ రోజుల్లో ఎక్స్ఎంఎంఎస్ ప్లేయర్లో పాట పెట్టి బ్రౌజర్లో వీడియో నొక్కితే బ్రౌజర్ బిగుసుకుపోయేది, గుర్తుందా? ఆల్సాకి యూజర్‌స్పేస్‌లో డీమిక్స్ వచ్చింది, తర్వాత పల్స్ ఆడియో, ఇప్పుడు పైప్‌వైర్. ఇవన్నీ ఆల్సా మీద కూర్చుని పది గొంతులు కలిపి ఇస్తాయి. ఓఎస్ఎస్ ఎమ్యులేషన్ వాటిని తప్పించుకుని కింద నుంచి నేరుగా కార్డు పట్టుకుంటుంది. ఏదో ఒక పాత ప్రోగ్రాం డీఎస్పీ పట్టుకుని వదలకపోతే డెస్క్‌టాప్ మొత్తం మూగబోతుంది, తిట్లు డిస్ట్రో వాళ్ళకి పడతాయి. ఒప్పుకుంటాను. మామూలు లాప్‌టాప్‌లో అది బూట్‌లోనే ఎక్కకూడదు.

ఎక్కించొద్దు నాయనా, కట్టి పక్కన పెట్టండి అంటున్నా. మాడ్యూల్‌గా కట్టి, తనంతట తాను ఎక్కకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెడితే ఎవరి డెస్క్‌టాప్‌కీ ఏమీ కాదు. డిస్క్ మీద పడుండే చిన్న ఫైల్, అంతే. కావాల్సినవాడు మాడ్యూల్ ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ ఒక్కటి కొడతాడు. ఆ మూల ఈ మూల ఎవడూ వాడని నెట్‌వర్క్ ప్రోటోకాళ్ళు, పేరు కూడా వినని జాయ్‌స్టిక్ డ్రైవర్లు వందలకొద్దీ మాడ్యూళ్ళుగా ప్రతి డిస్ట్రోలో పడి ఉన్నాయి. వాటికి చోటుంది, దీనికి లేదా?

ఇంకో సంగతి. పాత ఇంటర్‌ఫేస్ కాబట్టి చావాల్సిందే అనేవాళ్ళు ఒకసారి లినక్స్‌కి దాయాది లాంటి ఫ్రీబీఎస్‌డీ వైపు చూడండి. అక్కడ ఇవాళ్టికీ "/డెవ్/డీఎస్పీ"యే అసలు తలుపు. నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి తెరిచినా వర్చువల్ ఛానళ్ళు పెట్టి కెర్నెల్లోనే కలిపి పంపిస్తుంది. లినక్స్ వాళ్ళు మిక్సింగ్ కెర్నెల్లో వద్దనుకున్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. తలుపు మీద పేరు పాతదైనంత మాత్రాన తలుపు చెడిపోయినట్టు కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

తెలుగువాళ్ళకి ఈ డీఎస్పీ పంచాయితీ కొత్తదీ కాదు. ఫెస్టివల్ అనే వాచక ఇంజిన్‌కి తెలుగు గొంతు డెబియన్‌లో ప్యాకేజీగా ఉండేది. లినక్స్‌లో తెలుగు చదివించుకోవాలని ఆశగా దాన్ని ఎక్కించుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. మొదటి వాక్యం ఇవ్వగానే తెలుగు రాలేదు, "లినక్స్: కాంట్ ఓపెన్ /డెవ్/డీఎస్పీ" అని ఇంగ్లీషులో ఎర్రర్ వచ్చింది. ఫెస్టివల్ఆర్‌సీ ఫైల్లో నాలుగు లైన్లు రాసి ధ్వనిని ఏప్లే ద్వారా పంపితే గానీ మాట్లాడలేదు. దానికి సోర్స్ ఉంది కాబట్టి, కాన్ఫిగ్ ఫైల్ ఉంది కాబట్టి బతికిపోయాం. ఆసుపత్రి ప్రోగ్రాంకి రెండూ లేవు.

"కొత్త ప్రోగ్రాం రాయించుకోవచ్చు కదా" అని కూడా అంటారు. రాయించుకోవచ్చు. నేనే రాసిస్తానన్నాను, ఆ గొంతు ముక్కలు పాత ప్రోగ్రాంలోంచి ఊడబీకే పనిలో ఉన్నాను కూడా. ఒకటి నుంచి రెండొందల దాకా నంబర్లున్నాయి, ఆపైన లేవు. రద్దీ రోజున 201వ టోకెన్ నుంచి ఎప్పటిలాగే నర్సమ్మలే అరుస్తారట. ఆ ముక్కలన్నీ బయటికొచ్చేదాకా నేను కట్టిన కెర్నెలే దిక్కు. దాన్ని డిస్ట్రో కెర్నెల్ తొక్కేయకుండా అప్‌డేట్లకి హోల్డ్ పెట్టాను. అంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆ పీసీకి ఆగిపోయినట్టే, కొత్తది వచ్చినప్పుడల్లా నేనే కూర్చుని కట్టాలి. ఒక ఆసుపత్రి పీసీని ఇలా వదిలేయడం నాకు ఇష్టమనుకుంటున్నారా?

నిన్న సాయంత్రం అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. స్క్రీన్ మీద మూలన ఏదో అప్‌డేట్ అని వస్తోందట, పక్కన నీలం బటన్ ఉందట. "నొక్కమంటావా?"

"నొక్కకు అన్నయ్యా. శనివారం వస్తున్నా."

వెనకాల ఆవిడ డెబ్బై మూడో నంబర్‌ని రెండో గదికి పిలుస్తోంది.