సిమ్లాలో ఓటు ఒకరికి, పెత్తనం ఒకరిదా?

2018 మే నెలాఖరులో సిమ్లా మెట్లదారుల పొడవునా బిందెలు, బకెట్లు బారులు తీరాయి. కొన్ని పేటలకు వారమైనా చుక్క నీరు రాలేదు. రాత్రిపూట ట్యాంకరు వస్తే నిద్ర మానుకుని పరుగెత్తిన ఆడవాళ్లు నిలదీసేది తమ వార్డు కౌన్సిలర్‌నే. పాపం, ఆ కౌన్సిలర్ చేతిలో ఏముంది?

నగరపాలక సంస్థలో 34 వార్డులున్నాయి. జనం ఓటేసి పంపిన కౌన్సిలర్లు తమలోంచి మేయర్‌ను ఎన్నుకుంటారు. పాలనా యంత్రాంగం మాత్రం రాష్ట్ర ప్రభుత్వం పంపిన కమిషనర్ కింద నడుస్తుంది. నీటి సరఫరా సైతం ఆ ఎద్దడి తర్వాత విడిగా ఒక కంపెనీకి వెళ్లింది.

2012లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. సీపీఎంకు చెందిన సంజయ్ చౌహాన్ గెలిచారు. అప్పటి 25 మంది కౌన్సిలర్లలో ఆయన పార్టీవారు ముగ్గురే. సభలో బలం లేక పని కష్టమైన మాట నిజమే. అయినా ఎవరిని అడగాలో ఊరికి తెలిసింది. లోపాలు దిద్దాల్సింది పోయి ఆ పద్ధతినే ఎత్తేశారు.

2022 జూన్‌లో పాలకవర్గం గడువు ముగిసింది. గడువు తీరేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243యు అధికరణ చెబుతోంది. వార్డులను 41కి పెంచే ప్రయత్నం, కోర్టు వ్యాజ్యాలు, మళ్లీ 34కే రావడం... ఓటు వేసేసరికి 2023 మే వచ్చింది. దాదాపు ఏడాది పాటు ఎన్నికైన సభే లేదు. ప్రత్యేకాధికారుల పాలన చవిచూసిన తెలుగు పట్టణాలకు ఆ బాధ కొత్త కాదు.

ఇప్పుడు మేయర్ పదవీకాలం వంతు. రెండున్నరేళ్ల పదవీకాలం ముగిశాక ఆ కుర్చీ మహిళకు దక్కాల్సి ఉండగా, 2025 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం కాలాన్ని ఐదేళ్లకు పెంచాలని నిర్ణయించింది. ఐదేళ్ల మేయర్ ఉండటం మంచిదే, మేమూ కోరేది అదే. కానీ ఆట మధ్యలో, అదీ మహిళ వంతు వచ్చిన వేళ నిబంధన మార్చడాన్ని ఒప్పుకోలేం. మార్పు వచ్చే ఎన్నిక నుంచి అమలు చేయాలి. ఈ విడత మిగిలిన కాలానికి మహిళా కౌన్సిలర్‌నే మేయర్‌గా ఎన్నుకోనివ్వాలి.